గోల్డ్ రష్: పళ్ళెంతో మొదలై సైనైడ్ దాకా వెళ్ళిన లెక్క

బియ్యం గాలించడం తెలిసినవాళ్ళకి 1849 నాటి కాలిఫోర్నియా బంగారం పని సగం తెలిసినట్టే. గిన్నెలో నీళ్ళు పోసి, అటూ ఇటూ కదిపి, పైకి లేచిన బియ్యాన్ని నీళ్ళతో పాటు ఇంకో గిన్నెలోకి ఒంపుకుంటూ పోతే రాళ్ళు అడుగున ఆగిపోతాయి. అక్కడ చేసిందీ అదే. కాకపోతే మనం అడుగున మిగిలింది పారబోస్తాం, వాళ్ళు పైది పారబోసి అడుగుది దాచుకున్నారు.

ఇది ఎందుకు కుదురుతుందో చిన్న లెక్కలో తేలిపోతుంది. బంగారం సాంద్రత 19.3. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్‌ది 2.65. ఒడ్డున రెంటికీ తేడా ఏడు రెట్లు. నీళ్ళలో మునిగిన ప్రతి వస్తువుకీ అంత పరిమాణం నీటి బరువు తగ్గుతుంది, నీటి సాంద్రత 1, కాబట్టి రెండు అంకెల్లోంచీ 1 చొప్పున తీసేయాలి. అప్పుడు 18.3, 1.65 మిగులుతాయి. తేడా పదకొండు రెట్లు దాటుతుంది. నల్ల ఇసుక సంగతి వేరు. దానిలో ఉండే మాగ్నటైట్ సాంద్రత 5.2, నీళ్ళలో 4.2, అంటే బంగారంతో తేడా నాలుగు రెట్ల పైచిలుకే. పళ్ళెం అడుగున ఆఖరికి బంగారంతో పాటు నల్ల ఇసుకే మిగిలేది ఇందుకే. కొత్తవాళ్ళు చేతికొచ్చిన బంగారం పోగొట్టుకునేదీ అక్కడే.

గోల్డ్ రష్‌ల (బంగారం దొరికిందన్న కబురుకి జనం ఎగబడిపోవడం) గురించి చెప్పేటప్పుడు ఎక్కువగా అదృష్టం మాటే వినిపిస్తుంది: ఎవడికి గడ్డ దొరికింది, ఎవడు దివాలా తీశాడు అని. అసలు సంగతి ఒక ఘనగజం మట్టి కడగడానికి ఎంత ఖర్చయ్యేదన్నది. రోజు కూలి 4 డాలర్లుగా వేసుకుని కాలిఫోర్నియాలో అప్పట్లో కట్టిన లెక్క ఒకటుంది. ఘనగజం మట్టిని పళ్ళెంతో కడిగితే 20 డాలర్లు, రాకర్ అనే ఊగే పెట్టెతో 5, లాంగ్ టామ్ అనే పొడవాటి పెట్టెతో 1, గొట్టంతో నీళ్ళు కొట్టే హైడ్రాలిక్ పద్ధతిలో 20 సెంట్లు. గనుల దగ్గర ఔన్సు (సుమారు 31 గ్రాములు) బంగారానికి ముట్టేది 16 డాలర్లు. దాన్నిబట్టి చూస్తే పళ్ళెంవాడికి కూలి గిట్టాలంటే ఘనగజానికి సుమారు 39 గ్రాములు దొరకాలి. రాకర్‌వాడికి పది గ్రాములు చాలు, లాంగ్ టామ్‌కి రెండు గ్రాములు. హైడ్రాలిక్ కంపెనీకి అర గ్రాము కన్నా తక్కువున్నా లాభమే. ఏ నేల ఎవరి చేతికి ఎప్పుడు వెళ్ళిందో ఈ నాలుగు అంకెల్లోనే ఉంది.

కొలోమా దగ్గర దొరికింది

1848 జనవరి 24న అమెరికన్ నది దక్షిణ పాయ మీద కొలోమా దగ్గర జాన్ సట్టర్ అనే భూస్వామి కోసం కలప కోత మిల్లు కడుతున్న జేమ్స్ మార్షల్‌కి, మిల్లు చక్రం కింద నీళ్ళు పోయే కాలువలో పసుపు రేకులు కనిపించాయి. అవి బంగారమేనని తేల్చడానికి చేసిన పరీక్షలు ఏ కంసాలికైనా తెలిసినవే. రాయి మీద పెట్టి సుత్తితో కొడితే పిండి కాకుండా సాగింది. సబ్బు కాచే క్షారపు నీళ్ళలో వేసి ఉడికించినా రంగు మారలేదు. సట్టర్ దగ్గరికి తీసుకెళ్ళాక నత్రికామ్లం వేసి చూశారు, తక్కెడలో తూచి నీళ్ళలో ముంచి చూశారు. మోసం చేసేవి రెండు: పైరైట్, అభ్రకం. పైరైట్ సుత్తి దెబ్బకి పొడైపోతుంది. అభ్రకం నీళ్ళతో పాటు కొట్టుకుపోతుంది. పైగా వాటి మెరుపు ఎండ ఎటు పడితే అటు మారుతుంది. బంగారం నీడలోనూ అదే రంగులో ఉంటుంది.

కాలిఫోర్నియాని మెక్సికో నుంచి అమెరికాకి రాసిచ్చిన గ్వాడలూప్ హిడాల్గో ఒప్పందం మీద సంతకాలు పడింది ఆ తరువాత తొమ్మిది రోజులకి. అప్పటికి సంతకాలు చేసినవాళ్ళెవరికీ ఈ కబురు తెలియదు. మే నెలలో శాన్ ఫ్రాన్సిస్కో వీధుల్లో బంగారపు పొడి సీసా చేత్తో ఊపుతూ సామ్యూల్ బ్రానన్ అనే వ్యాపారి కేకలు పెట్టాడు. ఆయన గనికి పోలేదు. కేకలు పెట్టేముందే పలుగులూ పారలూ పళ్ళేలూ కొని సట్టర్ కోట దగ్గరి తన కొట్లో పోసుకున్నాడు. డిసెంబరు 5న అధ్యక్షుడు పోక్ కాంగ్రెస్‌కి పంపిన సందేశంలో ఈ మాట చేర్చడంతో తూర్పు తీరం కదిలింది. 1855 నాటికి మూడు లక్షల మంది దాకా వచ్చారని అంచనా.

ఆ బంగారం నది ఇసుకలోకి ఎలా వచ్చిందో తెలిస్తే ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది. సియెరా నెవాడా కొండల్లో క్వార్ట్జ్ చారల్లో ఉన్న బంగారం రాయి శిథిలమైనప్పుడల్లా విడిపోయి వాగుల్లో పడింది. వాగు వేగం తగ్గిన చోటల్లా బరువైనది ముందు ఆగుతుంది. మలుపు లోపలి ఒడ్డు, పెద్ద బండ వెనక, జలపాతం దిగువ గుండం, అన్నిటికంటే ముఖ్యంగా అడుగున రాతినేల పగుళ్ళు. అందుకే తెలిసినవాళ్ళు పై ఇసుక వదిలేసి రాతినేల తగిలేదాకా తవ్వి, పగుళ్ళని చాకు మొనతో గీకేవాళ్ళు. 1848లో వచ్చినవాళ్ళకి కొన్నిచోట్ల చాకూ చెంచాలతోనే పని జరిగింది.

పళ్ళెం, ఊగే పెట్టె

పళ్ళెం అంటే 16 నుంచి 18 అంగుళాల ఇనుప రేకు పళ్ళెం, అంచు ఏటవాలుగా. మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు అదే పనికి బటేయా అనే చెక్క పళ్ళెం వాడేవాళ్ళు. పని వరస ఇది. మూడింట రెండు వంతులు మట్టి నింపి నీళ్ళలో ముంచాలి. బంకమన్ను ఉండల్ని చేత్తో పూర్తిగా చిదిపేయాలి. ఇక్కడ బద్ధకిస్తే ఆ ఉండలే దొర్లుకుంటూ సన్నని బంగారాన్ని అంటించుకుని బయటికి పోతాయి. పెద్ద రాళ్ళని పళ్ళెంలోనే కడిగి తీసి పారేయాలి. తరవాత పళ్ళేన్ని సమంగా పట్టుకుని, నీళ్ళ కిందే ఉంచి, పక్కలకి గట్టిగా కుదపాలి. బరువైనది కిందికి దిగేది ఈ కుదుపులోనే. అది దిగాకే ముందుకి వంచి పై పొరని నీళ్ళతో తోయాలి. మళ్ళీ కుదపాలి, మళ్ళీ వంచాలి. చెంచాడు నల్ల ఇసుక మిగిలాక ఎండబెట్టి, అయస్కాంతంతో మాగ్నటైట్ లాగేసి, మిగతాది నెమ్మదిగా ఊదాలి.

తప్పు ఎక్కువగా జరిగేది రెండు చోట్ల. ఒకటి, కుదపకుండానే వంచడం. రెండోది జిడ్డు. రాత్రి పంది మాంసం వేయించుకున్న పళ్ళెంతోనే పొద్దున బంగారం కడిగితే రేకుల్లాంటి సన్నని బంగారం తడవకుండా నీటి పొర మీదే తేలి వెళ్ళిపోతుంది. కొత్త పళ్ళేలకి కూడా ఫ్యాక్టరీ నూనె ఉండేది. అందుకే పళ్ళేన్ని ముందు మంటలో ఎర్రగా కాల్చి, జిడ్డు పోగొట్టి, కాస్త తుప్పు గరుకు పట్టాక వాడేవాళ్ళు. చెయ్యి తిరిగినవాడు రోజుకి 50 పళ్ళేలు కడిగితే గొప్ప. నడుము వంచి, మోకాలి లోతు మంచు నీళ్ళలో, పది గంటలు.

రాకర్ (ఊయల తొట్టిలా అర్ధచంద్రపు కాళ్ళ మీద ఊగే చెక్క పెట్టె) ఈ బాధ తగ్గించింది. 1848 వసంతంలోనే ఐజాక్ హంఫ్రీ అనే పాత పనివాడు దాన్ని కొలోమాకి తెచ్చాడు. ఆయనది జార్జియా. అక్కడ 1829లోనే డాలోనెగా చుట్టుపక్కల ఒక రష్ జరిగింది. అంతకు ముందు ఉత్తర కరోలినాలో 1799లో రీడ్ కుటుంబం పిల్లవాడికి వాగులో 17 పౌన్ల పసుపు రాయి దొరికితే, దాన్ని మూడేళ్ళు తలుపు పడిపోకుండా అడ్డం పెట్టుకుని, 1802లో మూడున్నర డాలర్లకి అమ్మేశారు. అలాంటి చోటు నుంచి వచ్చినవాడికి మాత్రమే తెలిసిన పనిముట్టు అది.

రాకర్ మీద జల్లెడ పెట్టె ఉంటుంది, అడుగున అర అంగుళం బెజ్జాల రేకు. దాని కింద ఏటవాలుగా కాన్వాసు గుడ్డ. ఇంకా కింద అడ్డపట్టీలు. ఒకడు తవ్వుతాడు, ఒకడు మోసుకొస్తాడు, ఒకడు ఒక చేత్తో ఊపుతూ ఇంకో చేత్తో నీళ్ళు పోస్తాడు. ఊపు ఆగితే పట్టీల వెనక ఇసుక గట్టిపడిపోయి బంగారం దాని మీదుగా జారిపోతుంది. నీళ్ళు ఎక్కువైతే సన్నది కొట్టుకుపోతుంది. ఆ నీళ్ళ లెక్క చేతికి తెలియాలి.

పెట్టెలు పొడవైన కొద్దీ

1850 వచ్చేసరికి రాకర్‌ని సాగదీసినట్టు పన్నెండడుగుల లాంగ్ టామ్, దాని వెనక 12 అడుగుల పెట్టెలు ఒకదానిలో ఒకటి దూర్చి వందల అడుగులు కట్టే స్లూయిస్ వచ్చాయి. స్లూయిస్‌కి వాలు 12 అడుగులకి సుమారు అర అడుగు. వాలు తగ్గితే రాళ్ళు ఆగిపోతాయి, పెరిగితే బంగారం ఆగదు. ఇది ఒకడు చేసే పని కాదు. ఐదారుగురు కలవాలి, రంపపు పలకలు కొనాలి, అన్నిటికన్నా ముఖ్యంగా రోజంతా పారే నీళ్ళుండాలి.

స్లూయిస్‌లోకి పాదరసం దిగింది. బంగారపు పొడి పాదరసాన్ని తాకితే అతుక్కుని అమాల్గం అవుతుంది. ఇసుక అంటుకోదు. పై పెట్టెల అడ్డపట్టీల్లో పాదరసం పోసి వదిలితే, పట్టీలు పట్టుకోలేనంత సన్నని బంగారం కూడా ఆగుతుంది. మన ఊళ్ళలో నగల దుకాణాల ముందు కాలువ మట్టి ఎత్తుకెళ్ళి కడిగేవాళ్ళు చేసేదీ ఇదే. కాలిఫోర్నియాకి పాదరసం కొరత లేదు, శాన్ హోసే దగ్గర న్యూ ఆల్మడెన్ గని ఉంది.

వారానికో రెండు వారాలకో కడుగుడు రోజు. నీళ్ళు సగానికి తగ్గించి, పై నుంచి ఒక్కొక్క అడ్డపట్టీ ఊడదీస్తూ, అమాల్గాన్ని గీకి బకెట్లో వేస్తారు. తరవాత లేడి తోలులో మూటకట్టి పిండితే అంటుకోని పాదరసం ధారగా కారిపోతుంది, చేతిలో గట్టి బూడిదరంగు ఉండ మిగులుతుంది. దానిలో మూడోవంతు నుంచి సగం దాకా బంగారం. ఉండని ఇనుప రిటార్టులో (ఆవిరి పోయే గొట్టమున్న మూత పాత్ర) పెట్టి, మూత అంచు బంకమట్టితో మూసి కాలుస్తారు. 357 డిగ్రీల సెల్సియస్ దగ్గర పాదరసం ఆవిరై గొట్టంలోంచి వెళ్ళి చల్లబడి మళ్ళీ పాదరసమే అవుతుంది, లోపల తేనెపట్టులాంటి బంగారం మిగులుతుంది. రిటార్టు లోపల ముందుగా సుద్ద పూయకపోతే ఆ బంగారం ఇనుముకి అతుక్కుపోతుంది. గొట్టం కొసని నీళ్ళలో ముంచకూడదు. తడిగుడ్డ చుట్టాలి. ముంచితే, మంట తగ్గినప్పుడు లోపల ఏర్పడే ఖాళీ నీటిని ఎర్రగా కాలిన రిటార్టులోకి లాగుతుంది, అది పేలుతుంది. రిటార్టు లేనివాళ్ళు పారలోనే పెట్టి మంట మీద కాల్చి, ఆ పొగ పీల్చి, పళ్ళు ఊడి చేతులు వణికే రోగం తెచ్చుకున్నారు.

పాదరసానికి కూడా జబ్బు చేస్తుంది. జిడ్డో, ఆర్సెనిక్ ఉన్న రాయో, పైరైట్ నుంచి వచ్చే గంధకమో తగిలితే దాని మీద పొర కడుతుంది, ఇక బంగారాన్ని పట్టదు. రాళ్ళ కింద పడి పిండిలా చిన్న చుక్కలైతే నీళ్ళతో పాటు తేలి వెళ్ళిపోతుంది, తనతో పట్టుకున్న బంగారాన్నీ తీసుకుపోతుంది. ఒక్కో సీజన్‌లో పోసిన పాదరసంలో పదోవంతు నుంచి మూడు పదోవంతుల దాకా ఇలా పోయేదని అమెరికా భూగర్భ సర్వే అంచనా. ఇసుక బంగారం పనుల్లోనే మొత్తం కోటి పౌన్లు, అంటే సుమారు 45 లక్షల కిలోలు, కాలిఫోర్నియా వాగుల్లో కలిసింది. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం బురదలో ఆ పాదరసం ఇప్పటికీ ఉంది.

నీళ్ళు ఎవరివైతే బంగారం వాళ్ళది

గనివాడికి రోజుకి సగటున ముట్టింది 1848లో 20 డాలర్లయితే, 1852కి 6 డాలర్లకి, 1856కి 3 డాలర్లకి దిగిందని చరిత్రకారుల లెక్క. అలాగని 1852 దాకా బంగారం తగ్గలేదు. కాలిఫోర్నియా మొత్తం ఉత్పత్తి 1852లోనే గరిష్ఠం, సుమారు 8.1 కోట్ల డాలర్లు. ఉత్పత్తి పెరుగుతుంటే మనిషి రాబడి పడిపోయిందంటే తేడా ఎక్కడికో వెళ్ళింది. అది పలకలకి, కాలువలకి, నీటి కంపెనీల వాటాదారులకి వెళ్ళింది. నీళ్ళని మైనర్స్ ఇంచ్ లెక్కన అమ్మేవాళ్ళు. పలకలో ఒక చదరపు అంగుళం బెజ్జంలోంచి నిర్ణీత ఎత్తు నీటి ఒత్తిడితో వచ్చే ధార అది, నిమిషానికి సుమారు ఒకటిన్నర ఘనపుటడుగులు. ఎవరు ముందు మళ్ళిస్తే నీళ్ళు వాళ్ళవే అన్న గనివాళ్ళ కట్టుబాటుని 1855లో అర్విన్, ఫిలిప్స్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టంగా ఒప్పుకుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల సేద్యపు నీటి హక్కులు చాలావరకు నేటికీ ఆ తీర్పు దారిలోనే నడుస్తున్నాయి.

1853లో నెవాడా సిటీ దగ్గర ఎడ్వర్డ్ మాటిసన్ కాన్వాసు గొట్టానికి మూతి బిగించి నీళ్ళతో కొండవాలుని కొట్టాడు. ఇరవై ఏళ్ళలో ఆ గొట్టం మానిటర్ అనే ఇనుప ఫిరంగి అయింది. వందల అడుగుల ఎత్తునున్న చెరువు నుంచి దిగే నీరు ఎనిమిది, తొమ్మిది అంగుళాల మూతిలోంచి వచ్చి తగిలితే చెట్లతో సహా కొండ కూలేది. లక్ష్యం నేటి నదులు కావు, కొండల మీద ఎత్తున మిగిలిపోయిన అతి పురాతన నదుల గులకరాళ్ళ పొరలు. మలకాఫ్ దగ్గర నార్త్ బ్లూమ్‌ఫీల్డ్ కంపెనీ కడిగిన మట్టి బయటికి పోవడానికే రాతిలో సుమారు 2.4 కిలోమీటర్ల సొరంగం తవ్వింది. ముప్పై ఏళ్ళలో ఇలా కొట్టుకుపోయిన గులకమన్ను వంద కోట్ల ఘనమీటర్లు దాటిందని తరవాత కొలిచారు.

అదంతా యూబా, ఫెదర్, శాక్రమెంటో నదుల్లో పడింది. యూబా అడుగు మేరీస్‌విల్ వీధుల కన్నా ఎత్తుకి లేచింది. 1875లో కట్ట తెగి ఊరంతా బురద నిండింది. పళ్ళతోటల రైతులు కోర్టుకెళ్ళారు. 1884 జనవరి 7న ఫెడరల్ జడ్జి లొరెంజో సాయర్ నదుల్లోకి శిథిలాలు వదలడం ఆపమని తీర్పిచ్చాడు. అప్పటి కాలిఫోర్నియాలో గోధుమల విలువ బంగారం విలువని దాటిపోయిందన్న సంగతి కూడా ఆ తీర్పు వెనక ఉంది. ఆ మాట మరిచి కేవలం పర్యావరణ విజయంగా చెప్పుకోవడం సగం నిజమే.

ఖర్చు లెక్కలోకి రానివాళ్ళు ఇంకొందరున్నారు. 1850లో విదేశీ గనివాళ్ళ మీద నెలకి 20 డాలర్ల పన్ను వేశారు. మెక్సికో, చిలీ నుంచి వచ్చిన నిపుణులు (బటేయా నేర్పింది వాళ్ళే) ముందు వెళ్ళగొట్టబడ్డారు. ఆ పన్ను ఎత్తేసి, 1852లో 3 డాలర్లతో మళ్ళీ తెచ్చి, ఎక్కువగా చైనావాళ్ళ దగ్గరే వసూలు చేశారు. తెల్లవాళ్ళు వదిలేసిన నేలని చైనా బృందాలు రాకర్లతో మళ్ళీ కడిగి బతికాయి. ఆదివాసులది వేరే స్థాయి నష్టం. రష్‌కి ముందు లక్షన్నర ఉన్న కాలిఫోర్నియా ఆదివాసీ జనాభా 1870 నాటికి ముప్పై వేలకి పడిపోయింది. రోగాలు, ఆకలి, ప్రభుత్వమే డబ్బిచ్చి పంపిన సాయుధ దండ్లు.

ఆస్ట్రేలియా, క్లోండైక్

కాలిఫోర్నియాలో పని నేర్చుకుని వెనక్కెళ్ళిన ఎడ్వర్డ్ హార్‌గ్రేవ్స్ 1851 ఫిబ్రవరిలో న్యూ సౌత్ వేల్స్‌లో బంగారం చూపించాడు. ఆగస్టుకి విక్టోరియాలో బల్లారట్ దగ్గర బంగారం బయటపడింది. అక్కడ గొడవ పనిముట్టుతో కాదు, లైసెన్సుతో. బంగారం దొరికినా దొరక్కపోయినా నెలకి 30 షిల్లింగులు కట్టాలి. లోతు గుంటలు తవ్వి నెలల తరబడి ఏమీ చూడనివాడికి అది మెడ మీద కత్తి. 1854 డిసెంబరు 3న తిరగబడ్డ గనివాళ్ళు కట్టుకున్న యురేకా కంచె దగ్గర సైన్యం కాల్పులు జరిపాక, మరుసటి సంవత్సరం లైసెన్సు తీసేసి, ఏడాదికి ఒక పౌను (20 షిల్లింగులు) కట్టే హక్కుపత్రంతో సరిపెట్టారు. 1869 ఫిబ్రవరి 5న మోలియాగుల్ దగ్గర నేలకి ఒకటి రెండు అంగుళాల లోతులోనే దొరికిన వెల్కమ్ స్ట్రేంజర్ గడ్డ ఎంత పెద్దదంటే, డనోలీ బ్యాంకు తక్కెడలో పట్టక దాగలి మీద పెట్టి ముక్కలు కొట్టాల్సొచ్చింది.

ఈ రెండు ఖండాల బంగారం మన ఖజానాల్ని కూడా తాకింది. 1841 నుంచి ఈస్టిండియా కంపెనీ ఖజానాల్లో 15 రూపాయల మారకానికి బంగారు మొహరు తీసుకునేవాళ్ళు. కాలిఫోర్నియా, ఆస్ట్రేలియాల వల్ల బంగారం విలువ పడిపోతుందని, ప్రజలు చవకైన మొహర్లు ఖజానాకి కట్టేస్తారని భయపడి 1853 జనవరి 1 నుంచి ఆ సదుపాయం ఆపేశారు. మద్రాసు రాష్ట్రంతో సహా శిస్తంతా వెండి రూపాయల్లోనే. ఇరవై ఏళ్ళ తరవాత పడిపోయింది వెండి.

కెనడా వాయవ్య కొసన ఉన్న క్లోండైక్‌లో (1896 ఆగస్టు, బొనాంజా వాగు) కష్టం వేరు: నేలే గడ్డకట్టి ఉంది. చలికాలంలో సాయంత్రం గుంట అడుగున కట్టెలు పేర్చి నిప్పు పెడితే పొద్దునకి అడుగో అడుగున్నరో మెత్తబడేది. దాన్ని తోడి, బొగ్గూ బూడిదా ఎత్తి, మళ్ళీ నిప్పు. ఇరవై, ముప్పై అడుగుల కింద రాతినేల తగిలేదాకా ఇదే. ఎండాకాలం తవ్వితే నీరూరి గుంట కూలుతుంది కాబట్టి చలికాలమే మేలు. తోడిన మట్టి కుప్ప మళ్ళీ గడ్డకట్టి వసంతం దాకా ఉంటుంది, మంచు కరిగాక స్లూయిస్‌లో కడగాలి. అంటే ఆరునెలల చాకిరీలో ఎంతుందో ఆరునెలల తరవాత గాని తెలియదు. ఏడాదికి సరిపడా తిండి, సుమారు ఒక టన్ను సామాను లేనివాణ్ణి కెనడా పోలీసులు సరిహద్దు దాటనివ్వలేదు. చిల్‌కూట్ కనుమ మీదుగా ఆ టన్నుని ఒకడు మూటలు మూటలుగా ఇరవై ముప్పైసార్లు ఎక్కి దిగి చేరవేయాలి. లక్ష మంది బయలుదేరితే ముప్పై నలభై వేలు అక్కడి గనుల ఊరు డాసన్ చేరారు, బంగారం చూసినవాళ్ళు నాలుగు వేలని అంచనా. వాళ్ళు వచ్చేసరికే మంచి వాగులన్నీ 1896లోనే పక్కన ఉన్నవాళ్ళ పేర్ల మీద ఉన్నాయి.

రాయిలో చిక్కుకున్న బంగారం

1886లో బయటపడిన దక్షిణాఫ్రికా విట్‌వాటర్స్‌రాండ్‌లో పళ్ళెంవాడికి మొదటి రోజు నుంచే చోటు లేదు. గట్టి గులకరాతి పొరలో కంటికి కనబడని బంగారం. రాయిని స్టాంపు మిల్లులో (వరసగా లేచి పడే, ఒక్కోటి అరటన్ను దాకా ఉండే ఇనుప రోకళ్ళు) దంచి, ఆ బురదని పాదరసం పూసిన రాగి పలకల మీద పారించేవాళ్ళు. మూడు నాలుగేళ్ళలో గనులు పై పొర దాటి లోతుకి వెళ్ళేసరికి పైరైట్ తగిలింది. పైన చెప్పిన జబ్బే, పాదరసం పట్టు వదిలేసింది. షేర్లు కుప్పకూలాయి.

కాపాడింది 1887లో స్కాట్లండ్‌లో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు పేటెంటు తీసుకున్న సైనైడ్ పద్ధతి. బాగా పలచని సైనైడ్ నీళ్ళు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే బంగారం కరుగుతుంది. దాన్ని జింకు తురుము మీదుగా పంపితే నల్లని పొడిగా బయటపడుతుంది. సున్నం కలిపి ద్రావణాన్ని క్షారంగా ఉంచకపోతే సైనైడ్ విషవాయువుగా ఎగిరిపోతుంది, ఖర్చూ ప్రాణమూ రెండూ పోతాయి. దంచిన రాయి మరీ మెత్తని బురదైతే ద్రావణం దిగదు, అందుకే ఇసుకనీ బురదనీ ముందే వేరు చేయాలి. 1890 నుంచి విట్‌వాటర్స్‌రాండ్ నిలదొక్కుకుంది. ఇక ఆ పనికి రసాయన శాస్త్రజ్ఞులూ లండన్ పెట్టుబడీ కావాలి, కూలీలు ఎంతమందైనా కావాలి.

మన పక్కన జరిగిన రష్ కూడా ఈ వరసలోదే. విక్టోరియాలో గనుల శాఖ కార్యదర్శిగా పనిచేసిన రాబర్ట్ బ్రౌ స్మిత్‌ని పిలిపించి నీలగిరుల పక్కన వయనాడ్ క్వార్ట్జ్ చారల మీద నివేదిక రాయించారు. అది ఆశాజనకంగా ఉండటంతో 1880, 81లో లండన్‌లో కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. వేసిన డబ్బులో సింహభాగం తెగులు పట్టిన కాఫీ తోటల్ని గనిభూమి పేరుతో అమ్మినవాళ్ళ జేబుల్లోకి పోయింది. మిల్లు నడిచేసరికి టన్నుకి వచ్చింది కొద్ది గ్రాములే. నమూనా కోసం ఏరిన రాయి వేరు, మిల్లులో పడే రాయి వేరు. పందలూరు కొన్నేళ్ళలో ఖాళీ అయింది.

కోలార్ కూడా అదే దారి పట్టబోయింది. 1802లో మైసూరు సరిహద్దు సర్వేకి వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ బహుమతి ప్రకటిస్తే, ఉరిగాం పల్లెవాళ్ళు ఎడ్లబండి నిండా మట్టి తెచ్చి ఆయన కళ్ళముందే గాలించి బంగారం చూపించారు. డెబ్భై ఏళ్ళ తరవాత ఆ నివేదిక చదివిన మైఖేల్ లావెల్ అనే విశ్రాంత సైనికుడు 1870లలో లైసెన్సు తీసుకున్నాడు. పెట్టుబడి చాలక హక్కులు వేరేవాళ్ళకి ఇచ్చేశాడు. 1880లో జాన్ టేలర్ సంస్థ దిగింది. మైసూరు కంపెనీ దగ్గర డబ్బు అడుగంటిన దశలో, కెప్టెన్ ప్లమ్మర్ కొత్త చోట్లు వదిలేసి పాతకాలపు గుంటల కిందికి దిగాడు. ప్రాచీనులు నీళ్ళు తోడలేక ఆపేసిన చోటు నుంచి చాంపియన్ చార కిందికి సాగింది. వయనాడ్‌కీ కోలార్‌కీ తేడా ఆ చారే. తొలి రోజుల్లో టన్ను రాయికి 40 గ్రాముల పైన ఇచ్చింది. 1902లో శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్ల తీగ మీద కరెంటు వచ్చింది, మూడు కిలోమీటర్లు దాటిన లోతుకి గని వెళ్ళింది.

దిగినవాళ్ళలో ఎక్కువమంది తమిళులు, ఉత్తర ఆర్కాటు నుంచి. 1911 దాకా ఆ జిల్లా కేంద్రం చిత్తూరు. ఆ పల్లెల తెలుగువాళ్ళూ అదే దారిన రైలెక్కారు. కోలార్ రాతిచార దక్షిణంగా సాగి కుప్పం వైపు చిగురుగుంట దగ్గర మళ్ళీ బయటపడుతుంది. అక్కడా చిన్న గని నడిచింది. రాయలసీమలోనే అనంతపురం వైపు రామగిరిలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంకో కంపెనీ పని చేసి ఆగింది.

కోలార్ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. 120 ఏళ్ళలో సుమారు 800 టన్నుల బంగారం పోగా మిగిలిన రాతిపొడి ఊరి చుట్టూ సైనైడ్ దిబ్బలుగా ఉంది, మూడు కోట్ల టన్నుల పైన. గాలి లేస్తే ఆ పొడి ఇళ్ళలోకి వస్తుంది. దానిలో టన్నుకి గ్రాము లోపే బంగారం ఉంది. ఘనగజానికి 39 గ్రాములుంటే గాని పళ్ళెంవాడికి గిట్టని చోట, ఇప్పుడు టన్నుకి గ్రాము కన్నా తక్కువున్నా లెక్క కుదురుతోంది. పదమూడు దిబ్బల్ని వేలం వేయడానికి కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో ఒప్పుకుంది.